విద్యార్థుల ఆరోగ్య పరిరక్షణలో పాఠశాల నర్సు: అర్హతలు, నమోదు, విధులు

వసతి పాఠశాలలో చదివే బాలికకు అర్ధరాత్రి జ్వరం వచ్చినచో తల్లిదండ్రులు దగ్గర ఉండరు, వైద్యుడు అందుబాటులో ఉండకపోవచ్చు. అది మామూలు జ్వరమా, వెంటనే ఆసుపత్రికి తరలించవలసిన స్థితియా అన్నది మొదట గుర్తించవలసినది నర్సు. కనుక ఈ ఉద్యోగానికి అర్హతల నిర్ధారణ కేవలం కాగితాల వ్యవహారం కాదు.

నర్సుగా నమోదు పొందుటకు పాఠశాల నర్సింగ్ అనే ప్రత్యేక కోర్సు మన దేశంలో లేదు. గుర్తింపు పొందిన సంస్థలో నర్సింగ్ శిక్షణ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు, నోటిఫికేషన్ ద్వారా ఎంపిక అనే మూడు దశలను అభ్యర్థులు దాటవలసి ఉంటుంది.

శిక్షణ: ఏ.ఎన్.ఎం. కోర్సు కాలపరిమితి రెండు సంవత్సరాలు. ఇంటర్మీడియట్ ఏ గ్రూపులో ఉత్తీర్ణులైన మహిళలైనా ఇందులో చేరవచ్చును. మూడు సంవత్సరాల జి.ఎన్.ఎం. కోర్సుకు ఇంటర్మీడియట్‌లో కనీసం 40 శాతం మార్కులు ఉండాలి. నాలుగు సంవత్సరాల బి.ఎస్సీ. నర్సింగ్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో ఇంటర్మీడియట్ చదివి, 45 శాతం మార్కులు పొంది ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇది 40 శాతం. కనీస వయస్సు 17 సంవత్సరాలు. తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ వొకేషనల్ విభాగంలో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ (మహిళ) కోర్సు చదివినవారు ఏ.ఎన్.ఎం. స్థాయి పోస్టులకు అర్హత పొందుటకు ఒక సంవత్సరం క్లినికల్ శిక్షణ కూడా పూర్తి చేయవలసి ఉంటుంది.

నమోదు: కోర్సు పూర్తి చేసినంత మాత్రాన నర్సుగా పనిచేయు అర్హత లభించదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొనుట తప్పనిసరి. గుర్తింపు లేని సంస్థలు ఇచ్చే స్వల్పకాలిక ధ్రువపత్రాలతో ఈ నమోదు సాధ్యపడదు. అట్టి కోర్సులో చేరినవారు డబ్బుతోపాటు విలువైన కాలాన్నీ నష్టపోతారు. కావున ఫీజు చెల్లించుటకు ముందే కళాశాల గుర్తింపును కౌన్సిల్ జాబితాలో సరిచూసుకోవలెను.

ఉద్యోగావకాశాలు: 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో ఏ.ఎన్.ఎం. పోస్టులు ఉన్నాయి. నవోదయ విద్యాలయ సమితి 2024లోను, ఏకలవ్య ఆదర్శ గురుకుల విద్యాలయాల కొరకు జాతీయ గిరిజన విద్యార్థుల విద్యా సంస్థ 2025లోను మహిళా స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్లు వెలువరించాయి. వాటిలో బి.ఎస్సీ. నర్సింగ్ లేదా పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.తోపాటు, కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండున్నర సంవత్సరాల అనుభవం కోరడమైనది. పాఠశాల ఉద్యోగం ఆశించే వారు ముందుగా ఆసుపత్రిలో పనిచేయవలసిన అవసరం దీనినిబట్టి స్పష్టమగుచున్నది.

వసతి లేని ప్రభుత్వ పాఠశాలలకు సంచార బృందాలు వెళతాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏ.ఎన్.ఎం. లేదా స్టాఫ్ నర్సు ఉంటారు. పాఠశాల విద్యార్థులను ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీ పిల్లలను రెండుసార్లు పరీక్షించి, చికిత్స అవసరమైన వారిని పై ఆసుపత్రులకు పంపుతారు.

విధులు: ఎత్తు, బరువు, చూపు పరీక్షించుట, ప్రథమ చికిత్స, వైద్యుడు సూచించిన మందులు వేళకు ఇచ్చుట, ప్రతి విద్యార్థి ఆరోగ్య వివరాలను నమోదు చేయుట ముఖ్యమైనవి. నులిపురుగుల నివారణకు అల్బెండజోల్ మాత్రలు, రక్తహీనత నివారణకు వారం వారం ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగించుటలో ఉపాధ్యాయులకు తోడ్పడతారు. గిరిజన ప్రాంతాలలో మలేరియా, సికిల్ సెల్ వ్యాధి లక్షణాలపై అప్రమత్తత అవసరం. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. రోగనిర్ధారణ, చికిత్స నిర్ణయం వైద్యునివే. లక్షణాలను గుర్తించి, జాప్యం లేకుండా వైద్యుని వద్దకు చేర్చుట నర్సు కర్తవ్యం.

నియామక అధికారులు విద్యార్హత పత్రాలతోపాటు కౌన్సిల్ నమోదు సంఖ్యను, దాని చెల్లుబాటును సరిచూచినపుడే ఈ వ్యవస్థపై తల్లిదండ్రుల నమ్మకం నిలుస్తుంది.