పికప్‌లో రేడియో గరగర: వాట్లు కాదు, చప్పుడు ఎక్కడిదో వెతకండి

సీబీ అనగానే మనకు గుర్తొచ్చేది క్రాస్ బ్రీడ్ గూళ్లే. రామనగర మార్కెట్లో "సీబీ లాటా, బైవోల్టిన్ లాటా" అని అడుగుతారు గాని "ఏ ఛానెల్" అని ఎవరూ అడగరు. ఈసారి చెప్పబోయే సీబీ వేరు. సిటిజన్ బ్యాండ్ అనే రేడియో. టవరు, సిమ్ము, రీచార్జి ఏమీ లేకుండా ఒక బండిలోంచి ఇంకో బండికి నేరుగా మాట్లాడుకునే సెట్టు. అమెరికాలో 1970ల్లో లారీ డ్రైవర్లందరి నోటా ఇదే. మన దగ్గర వాడకం తక్కువే. కానీ హిందూపురం, మడకశిర వైపు నుంచి రెండు మూడు పికప్పులు కలిసి రాత్రిపూట గూళ్లు వేసుకుని బయల్దేరేవాళ్లు అడుగుతున్నారు, పెట్టించుకోవచ్చా అని. పెట్టించుకున్నవాళ్ల ప్రశ్న ఇంకోటి: ఇంజను స్టార్ట్ చేస్తే గరగర తప్ప మాట వినపడదేం?

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బు పెట్టాక తెలిస్తే లాభం లేదు. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లు దాటని సెట్లకు 2005 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. విదేశీ సెట్లలో 40 ఛానెళ్లు ఉంటాయి. వాటిలో 1 నుంచి 27 వరకే మన హద్దులో పడతాయి, 28 నుంచి 40 బయటివి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ మినహాయింపు సెట్టుకే అమర్చి ఉన్న యాంటెన్నాకు. బండి కప్పు మీద వేరే యాంటెన్నా బిగించాలనుకుంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగాన్ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే చేయండి. సెట్టుకు కూడా డబ్ల్యూపీసీ ఆమోదం ఉందో లేదో బిల్లుతో పాటు చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఆమోదం లేని వాకీటాకీలు ఇష్టారాజ్యంగా అమ్ముతున్నారనే 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ వాటి మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. వాట్లు పెంచే ఆంప్లిఫైయర్ పెట్టిస్తానని ఎవరైనా అంటే ఒక దండం పెట్టి వచ్చేయండి.

నిజానికి ఆ వాట్లు పెంచినా పెద్దగా ఒరిగేది లేదు. పవరు రెండింతలు చేస్తే అవతలి సెట్టు మీటరులో ముల్లు అర గీత కదులుతుంది, అంతే. మాట అందకపోవడానికి అసలు కారణం చాలాసార్లు వినేవాడి బండిలోనే ఉంటుంది. అవతలి నుంచి సన్నగా వచ్చే మాటను మన బండిలోని కరెంటు సామాన్లు మింగేస్తుంటాయి. ఈ సెట్లు ఎక్కువగా ఏఎం పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి ఎక్కడ నిప్పురవ్వ లేచినా, ఎక్కడ కరెంటు తెగి అతుక్కున్నా అది చెవిలో పడుతుంది. పికప్ టేపులో మీడియం వేవ్ ఆకాశవాణి పెట్టినప్పుడు వచ్చే గరగర కూడా ఈ జాతిదే. అందుకని సీబీ కొనే ఆలోచన లేనివాళ్లకు కూడా ఇక్కడి నుంచి చెప్పేది పనికొస్తుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గరగరను వెతకడం పొలంలో పేను పట్టిన మొక్కను వెతకడం లాంటిది. మందు కొట్టే ముందు ఎక్కడుందో చూడాలి. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు లేని తెరిపి చోట బండి ఆపండి. ఇంజను ఆపి, తాళం తీసేసి, సెట్టు ఆన్ చేసి ఎవరూ మాట్లాడని ఛానెల్ పెట్టి వినండి. మెల్లగా వచ్చే ఆ శ్‌శ్ మామూలే. ఇప్పుడు తాళం ఒక మెట్టు తిప్పండి, ఇంజను వేయొద్దు. చప్పుడు పెరిగిందా? అయితే అది ఇంజనుది కాదు, తాళంతో పాటు ఆన్ అయ్యే సామానుది. తర్వాత ఇంజను వేయండి. ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఈల లాగా పైకి లేచి, వదిలితే కిందికి దిగుతుందా? అది ఆల్టర్నేటరు. ఇంజను వేగంతో పాటు టిక్‌టిక్ అని వేగం పెరుగుతుందా? అది స్పార్క్ ప్లగ్గు. బొలెరో లాంటి డీజిల్ పికప్పుల్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు కాబట్టి ఈ బాధ లేదు. పెట్రోలు, సీఎన్జీ చిన్న బండ్లకు ఉంటుంది. వాటికి రెసిస్టరు ఉన్న ప్లగ్గులు వేయిస్తే సగం గొడవ తీరుతుంది.

ఇంకో పరీక్ష. సెట్టుకు యాంటెన్నా విడిగా ఉంటే దాని వైరు ఒక్క నిమిషం ఊడదీయండి. ఆ నిమిషం మాత్రం మాట్లాడే బటన్ నొక్కకూడదు, సెట్టు పాడవుతుంది. వైరు తీశాక కూడా చప్పుడు అలాగే ఉంటే అది కరెంటు తీగ గుండా వస్తోంది. చప్పుడు మాయమైతే గాలిలోంచి యాంటెన్నాకు వస్తోంది. రెంటికీ వైద్యం వేరు. ఇది తెలుసుకోకుండా దుకాణంవాడు ఇచ్చిన ఫిల్టరు తెచ్చి బిగించి, తగ్గలేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎక్కువసార్లు దొరికే దొంగ ఎవరంటే, సిగరెట్ లైటర్ కన్నంలో పెట్టిన చవక ఫోను ఛార్జరు. దాని లోపల 12 వోల్టులను 5 వోల్టులు చేయడానికి కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి అతికిస్తుంటారు. మంచి ఛార్జరులో ఆ చప్పుడు బయటికి రాకుండా ఫిల్టరు ఉంటుంది, చవకదాంట్లో అది ఎగ్గొడతారు. పీకి చూడండి, ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఆ తర్వాతి అనుమానితులు: ముందు గ్రిల్లుకు బిగించిన ఎల్ఈడీ లైట్ల పట్టీ, డ్యాష్‌బోర్డు మీది చిన్న ఫ్యాను, జీపీఎస్ పెట్టె, ఇన్వర్టరు. ఒక్కొక్కటి ఆపుతూ వినాలి. ఆపడం కుదరనివాటికి ఇంకో ఉపాయం: జేబులో పట్టే మీడియం వేవ్ ట్రాన్సిస్టరు తెచ్చి, స్టేషను లేని చోట ముల్లు పెట్టి, డ్యాష్‌బోర్డు పొడవునా మెల్లగా జరుపుకుంటూ పోండి. దొంగ దగ్గరికి రాగానే రేడియో అరుస్తుంది. మీటర్లూ మెషిన్లూ అవసరం లేదు.

దొరికాక ఏం చేయాలి? ఛార్జరైతే మార్చడమే. తీయలేనిదైతే దాని వైరును ఫెరైట్ ముక్కలోంచి మూడు నాలుగు చుట్లు తిప్పాలి. ల్యాప్‌టాప్ ఛార్జరు వైరు చివర నల్లటి గుండు చూసుంటారు, అదే ఇది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లలో అడగండి. ముక్కను చప్పుడు చేసే సామానుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి, సెట్టు దగ్గర కాదు.

కరెంటు తీగ గుండా వచ్చే చప్పుడుకు మూలం చాలావరకు వైరింగులో ఉంటుంది. మెకానిక్కులు తొందరలో సెట్టు వైరును టేపు వైరుకో, లైటర్ కన్నానికో కలిపేస్తారు. ఆ తీగలో అప్పటికే బండి గొడవంతా ఉంటుంది. సెట్టుకు విడిగా కాస్త లావు వైరు, ప్లస్సూ మైనస్సూ రెండూ, నేరుగా బ్యాటరీ దాకా లాగించండి. ప్లస్సు వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించాలి. ఇది చప్పుడు కోసం కాదు, ప్రాణం కోసం. ఫ్యూజు లేని వైరు బానెట్ కింద ఒరుసుకుని బాడీకి తగిలితే బండి అంటుకుంటుంది. వెనక ఉన్నవి గూళ్లు, పైన టార్పాలిన్. ఇంకొకటి, 24 వోల్టుల లారీకి 12 వోల్టుల సెట్టు నేరుగా కలపకండి.

ఆల్టర్నేటరు ఈల గురించి విడిగా చెప్పాలి. కొత్తగా పెట్టిన సెట్టులో మొదటి రోజు నుంచే సన్నగా ఈల ఉంటే అది వైరింగు తప్పు కావచ్చు. కానీ ఇన్నాళ్లూ లేని ఈల ఉన్నట్టుండి మొదలై వారం వారం పెరుగుతుంటే రేడియోను తిట్టకండి. ఆల్టర్నేటరులో కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే డయోడ్లలో ఒకటి పోతుండవచ్చు. దాంతో పాటు హెడ్‌లైట్లు వణుకుతుంటే అనుమానం గట్టిది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటడం లేదంటే ఆ రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి డయోడ్లు చూపించండి. రేడియో ముందుగా చెప్పిన సంగతిని మనం గరగర అనుకుని వదిలేస్తే, బండి మాగడి దాటాక చీకట్లో ఆగిపోతుంది. బస్తాల్లో ఉన్న గూళ్లలో ప్యూపా ప్రాణంతోనే ఉంటుంది. గాలి ఆడక ఆగిన బండిలో వేడి, చెమ్మ పెరిగి గూడు మెత్తబడుతుంది, మరక పడుతుంది. తెల్లారి రీలరు గుప్పెడు గూళ్లు చేతిలోకి తీసుకుని నొక్కి చూడగానే రేటు అక్కడే పడిపోతుంది. నెల రోజుల కష్టం కదా.

గాలిలోంచి వచ్చే చప్పుడుకు బాడీ ఎర్త్ చూడాలి. బానెట్, కేబిన్, చాసిస్, వెనక తొట్టి అన్నీ ఇనుమే అయినా మధ్యలో రబ్బరు బుష్షులు, తుప్పు, పెయింటు ఉండి ఒకదానికొకటి సరిగా అంటవు. వాటి మధ్య అల్లిన రాగి పట్టీలు, పెయింటు గీకి, బోల్టు వేసి బిగిస్తే ఇంజను గొడవ బానెట్ లోపలే ఉండిపోతుంది. జేసీ రోడ్డులో బండి సామాన్ల కొట్లలో ఇలాంటి పట్టీలు దొరుకుతాయి. పని చిన్నదే, ఫలితం చాలాసార్లు పెద్దది.

ఇంత నిశ్శబ్దం దేనికనిపిస్తే మన దారిలోనే ఒక ఉదాహరణ ఉంది. హిందూపురం నుంచి దొడ్డబళ్లాపురం వచ్చేవాళ్లు గౌరీబిదనూరు మీదుగానే వస్తారు కదా. ఆ దగ్గర్లోనే పొలాల మధ్య 1976 నుంచి ఒక రేడియో టెలిస్కోపు ఉంది. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి కట్టినది. గొడుగులాంటి డిష్ కాదు, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో పరిచిన వెయ్యి తీగ యాంటెన్నాలు. తూర్పు పడమరల చెయ్యి 1.4 కిలోమీటర్ల పొడవు. అది వినే 34.5 మెగాహెర్ట్జ్ మన సీబీకి దూరపు చుట్టం కూడా కాదు, పక్కింటిదే. ఆకాశం నుంచి వచ్చే అంత సన్నని మాట వినాలంటే చుట్టూ సద్దు ఉండకూడదు. అందుకే బెంగళూరు నగరంలో కట్టకుండా అంత దూరం తీసుకొచ్చారు. మనం నగరాన్ని జరపలేం గాని ఛార్జరు పీకగలం.

ఇక యాంటెన్నా. చేతి సెట్టును కేబిన్ లోపల పట్టుకుంటే ఇనుప డబ్బాలో కూర్చుని అరిచినట్టే. ఈ తరంగం పొడవు 11 మీటర్లు, కిటికీలోంచి దూరి పోవడం దానికి కష్టం. కాబట్టి ఆగినప్పుడు దిగి బయట నిలబడి మాట్లాడితే దూరం బాగా పెరుగుతుంది. బయటి యాంటెన్నాకు అనుమతి వచ్చినవాళ్లు కేబిన్ కప్పు నడిమధ్య పెట్టించండి. పూర్తి పావు తరంగం కావాలంటే 2.75 మీటర్లు ఉండాలి, చెట్టు కొమ్మలకు అది నిలవదు. కాయిలు చుట్టిన మీటరు, మీటరున్నర రకం చాలు. దాని కింద ఇనుప కప్పే సగం యాంటెన్నా. చెక్క తొట్టి మూలకు, ప్లాస్టిక్ బంపరుకు బిగిస్తే ఆ సగం పోయినట్టే. వైరు 50 ఓములది వేయాలి, టీవీ కేబులు 75 ఓములది, పనికిరాదు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో 1వ ఛానెల్‌లోనూ 27వ ఛానెల్‌లోనూ చూడండి. 1లో ఎక్కువ ఉంటే యాంటెన్నా పొట్టి అయింది, 27లో ఎక్కువ ఉంటే పొడవైంది. రెంటిలోనూ 1.5 లోపు ఉంటే బాగున్నట్టు. 3 దాటితే బటన్ నొక్కకండి, సెట్టు కాలిపోతుంది. రెంటిలోనూ ఎక్కువే ఉంటే పొడవు జోలికి పోవద్దు, ముందు ఎర్త్ చూడండి.

ఏం చేసినా పోని చప్పుడు కూడా ఒకటుంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే సంవత్సరాల్లో పగటిపూట ఈ బ్యాండులో వేల కిలోమీటర్ల అవతలి గొంతులు ఆకాశం పై పొరలకు తగిలి మన సెట్టులోకి దిగుతాయి. 2024లో సూర్యుడు ఆ గరిష్ఠ దశకు చేరాడు. మధ్యాహ్నం అర్థంకాని భాష వినిపిస్తే సెట్టు పాడయిందనుకోకండి, ఛానెల్ మార్చుకోండి. రాత్రి ప్రయాణాల్లో ఈ బెడద చాలావరకు ఉండదు. నగరంలోకి వచ్చాక మాత్రం దూరం ఆశించొద్దు. మన సిల్క్ బోర్డు పేరు పెట్టుకున్న కూడలిలో పక్క వరుసలో ఉన్న బండితో మాట్లాడాలన్నా అద్దం దించి పిలవడమే తేలిక.

మైకు డ్రైవరు చేతికి ఇవ్వకండి, పక్కన కూర్చున్నవాళ్లే మాట్లాడాలి. బండి నడుపుతూ చేతిలో సెట్టు పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం కింద తప్పు. బయల్దేరే ముందు షెడ్డు దగ్గరే రెండు ఛానెళ్లు అనుకోండి, ఒకటి మొదటిది, అది రద్దీగా ఉంటే రెండోది. రెండు బండ్లలోనూ డ్యాష్‌బోర్డు మీద టేపు అంటించి ఆ అంకెలు రాసి పెట్టండి. ఆ తర్వాత మార్కెట్ చేరేదాకా ఛార్జరు కన్నంలో పెట్టకండి. ఫోను ఇంటి దగ్గరే నింపుకుని రండి.