అద్దె ఇంటికి చట్టపు నీడ

కూడు, గుడ్డ, గూడు అని పెద్దలు మానవుని కనీసావసరాలను మూడుగా చెప్పారు. వీటిలో గూడు పట్టణవాసులలో పెక్కుమందికి పరాధీనమే. మా విద్యార్థి ఒకడు పరీక్షల ముందు వారం రోజులు తరగతికి రాలేదు. కారణమడుగగా, ఇంటి యజమాని తాళం మార్చినాడనీ, సామానంతా వాకిట్లో ఉన్నదనీ చెప్పి తల వంచుకొన్నాడు. "ఇల్లు వాళ్లది సార్, మనమేం చేయగలం?" అన్నాడు. ఆ ప్రశ్నకు మాకు తెలిసినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

హైదరాబాదు ప్రాంతంలో 1954 నాటి చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం అద్దె ఇండ్లకు వర్తించేవి. ఆ రెండింటి స్థానంలో 1960లో భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చినది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2017లో వేరొక చట్టం చేసుకొన్నది. తెలంగాణలో 1960 నాటి చట్టమే కొనసాగినది. మేము వివరించేది దానినే.

ఈ చట్టంలోని 10వ సెక్షను కిరాయిదారునికి కోటగోడ వంటిది. అందు చెప్పిన కారణాలలో ఒకటి రుజువైతే తప్ప అతనిని ఖాళీ చేయించరాదు. బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయడం, వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఇంటిని మరొకరికి అద్దెకిచ్చుట, ఒక పనికి తీసుకొన్న ఇంటిని వేరొక పనికి వాడుట, కట్టడానికి హాని చేయుట, ఇరుగుపొరుగువారిని బాధించుట, యజమానికి నిజంగా ఆ ఇల్లు తన నివాసానికి అవసరమగుట మున్నగునవి ఆ కారణాలు. వీటిని విచారించి తీర్పు చెప్పేది రెంట్ కంట్రోలర్. తాళం మార్చుట, నీరు, కరెంటు ఆపుట యజమాని చేతిలోని ఆయుధాలు కావు. సౌకర్యాలను నిలిపివేయరాదని 14వ సెక్షను నిషేధిస్తున్నది.

చట్టం కేవలం పట్టుదల కాదు, దయ కూడా. అద్దె బకాయి బుద్ధిపూర్వకం కాదని తోచినచో, రెంట్ కంట్రోలర్ 15 రోజులకు మించని గడువిచ్చి, బాకీ చెల్లింపగానే యజమాని దరఖాస్తును త్రోసిపుచ్చవలెను. తన నివాసానికని ఖాళీ చేయించిన యజమాని నెలలోపల అందులో చేరకపోతే, ఆ ఇంటిని తిరిగి కోరే హక్కు కిరాయిదారునికున్నది.

అయితే ఈ నీడ అందరిపైన పడదు. 2005 నాటి సవరణ ప్రకారం నిర్మాణం పూర్తయి 15 ఏండ్లు నిండని కట్టడాలు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలు దాటిన అద్దె గల కట్టడాలు ఈ చట్టం వెలుపలివి. నేటి అద్దెలు చూస్తే ఎందరు బయట మిగిలిరో పాఠకులే ఊహింపగలరు. వారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆధారం. ఒడంబడికలో వేరుగా లేనిచో నెలవారీ కిరాయిదారునికి 15 రోజుల నోటీసు ఇవ్వవలెను. అటుపైన కూడా కోర్టు ద్వారానే ఖాళీ చేయించవలెను. బలవంతంగా వెళ్లగొట్టబడినవారు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనం పొందవచ్చును.

హక్కు ఉండుట వేరు, దానిని రుజువు చేయుట వేరు. మా విద్యార్థి తండ్రి ఏడేండ్లు నెల తప్పకుండా అద్దె చేతికిచ్చినాడు. చూపుటకు ఒక్క చీటీ లేదు. రసీదు అడిగే హక్కు 8వ సెక్షను ఇచ్చినదని ఆయనకు తెలియదు. యజమాని అద్దె తీసుకొనడానికి నిరాకరించిన పక్షంలో బ్యాంకు పేరు చెప్పుమని నోటీసు ఇవ్వవచ్చును. పదిరోజులలో చెప్పనిచో మనియార్డరు ద్వారా పంపవచ్చును. దానినీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ వద్ద జమ చేయవచ్చును.

ఈ పుట చదివిన విద్యార్థులు నేటి సాయంత్రమే ఇంటికి వెళ్లి, "నాన్నా, మన కిరాయి రసీదులు ఎక్కడున్నవి?" అని అడిగినచో మా శ్రమ ఫలించినట్లే.