శైశవము వీడిన శునకమునకు ఆహారము

వజ్రపుకొత్తూరు మొదలు కవిటి, సోంపేటల మీదుగా ఇచ్ఛాపురము వరకు, సముద్రపుటొడ్డున కొబ్బరియు జీడియు పనసయు దట్టముగా పెరిగిన ఉద్దానపు తోటలలో, కుక్క యనునది కేవలము వినోదార్థము పెంచబడు ప్రాణి కాదు. జీడిపండ్లును పనసపండ్లును మాగు ఋతువున ఎలుగుబంట్లు తోటలలోనికి దిగివచ్చుట ఆ ప్రాంతమున అందఱెఱిగిన సంగతియే కావున, చీకటిలో తొలి అలికిడిని పసిగట్టి మొఱిగి, పాకలో నిద్రించు రైతును మేలుకొలుపు కుక్క అతని కుటుంబములో నొకటిగా ఎంచబడుచున్నది. పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణములలో నాటుకుక్కలతోపాటు లాబ్రడార్లను, జర్మన్ షెపర్డులను, పొమరేనియన్లను మక్కువతో పెంచువారును కలరు. పిల్లను ఇంటికి తెచ్చిన నాడు ‘పప్పీ’ అని ముద్రించిన సంచిని కొని, కొలిచి, నానబెట్టి పెట్టిన శ్రద్ధ, ఏడాది నిండి ఆ పిల్ల ఏపుగా ఎదిగినంతనే సడలిపోవుట సామాన్యము. ‘పెద్దదైనది గదా, ఇక మన అన్నమే చాలు’ నను మాట పలు ఇండ్లలో వినవచ్చును. ఆ మాట సగము మాత్రమే నిజము. ఎదిగిన కుక్కకు పోషకముల మోతాదు తగ్గునే గాని, వాని అవసరము తీరిపోదు.

పిల్లకును పెద్దదానికిని వేర్వేరు ఆహారము లేల యని అడుగువారికి అంకెలే సమాధానము చెప్పగలవు. అమెరికాలో పశ్వాహార ప్రమాణములను నిర్ణయించు ఆఫ్కో అను సంస్థ లెక్క ప్రకారము, తేమను మినహాయించి చూచినపుడు, పెరుగుచున్న పిల్ల ఆహారములో మాంసకృత్తులు కనీసము 22.5 శాతము, కొవ్వు 8.5 శాతము, కాల్షియము 1.2 శాతము ఉండవలెను. ఎదిగిన కుక్కకు ఇవే వరుసగా 18, 5.5, 0.5 శాతము లున్న చాలును. పిల్ల తినునది ఒకవంక దేహపోషణకును, వేఱొకవంక ఎముక, కండరము, దంతము మున్నగువాని నిర్మాణమునకును వినియోగ మగుచుండగా, పెరుగుదల ముగిసిన కుక్క తినునది పోషణకు మాత్రమే వినియోగపడి, మిగిలినది కొవ్వుగా పేరుకొనును.

కావున ఆహారమును మార్చవలసిన కాలమును నిర్ణయించునది పెరుగుదల ముగియుటయే. ఏడు మాసముల ప్రాయమునకే నలువదిరెండు శాశ్వతదంతములును వచ్చుట చూచి, కుక్క పెద్దదైనదని భావించుట పొరపాటు. అప్పటికి ఎముకల పెరుగుదల ఇంకను సాగుచునే యుండును. పది కిలోల లోపు బరువుతో ఆగిపోవు పొమరేనియన్ వంటి చిన్నజాతులు 9 నుండి 12 మాసములలో ఎదుగును. మన నాటుకుక్క వంటి మధ్యమ శరీరము గలవి ఇంచుమించు ఏడాదికి ఎదుగును. లాబ్రడార్, జర్మన్ షెపర్డు వంటి పెద్దజాతులకు 12 నుండి 18 మాసములును, గ్రేట్ డేన్ వంటి మహాకాయములకు 18 నుండి 24 మాసములును పట్టును. వరుసగా కొన్ని వారములు తూచినను బరువు నిలకడగా నున్నచో, అది మార్పునకు తగిన తరుణమని గ్రహింపవచ్చును.

తొందరపడినను, జాగు చేసినను కీడు కలుగును. పెరుగుదల ముగియకమునుపే పెద్దకుక్కల ఆహారమునకు మార్చినచో, నిర్మాణమునకు కావలసిన సామగ్రి కొఱవడును. ఏడాదిన్నర, రెండేండ్లు దాటినను పిల్లల ఆహారమునే పెట్టుచున్నచో, ముఖ్యముగా సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించిన కుక్కలకు శక్తి యవసరము తగ్గిపోవును గనుక, స్థౌల్యము తప్పదు. లాబ్రడార్లపై అమెరికాలో జరిగి 2002లో ప్రకటితమైన యొక పరిశోధనలో, 48 కుక్కపిల్లలను జతలుగా విభజించి, ప్రతి జతలో నొకదానికి రెండవదానికంటె 25 శాతము తక్కువ ఆహారమును జీవితాంతము పెట్టగా, మితముగా తిన్నవాని మధ్యస్థ ఆయుర్దాయము 13 సంవత్సరములుగను, తక్కినవానిది 11.2 సంవత్సరములుగను తేలినది. మితాహారము కుక్కకు దాదాపు రెండేండ్ల ఆయువు నొసగిన దన్నమాట.

కాల్షియము విషయమున మఱింత మెలకువ అవసరము. లేబ్రాయపు పిల్లల పేగులు తమకు కావలసినంత కాల్షియమును మాత్రమే గ్రహించి తక్కినదానిని విడుచు నేర్పు లేనివై, పెట్టినకొలది గ్రహించును. నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమున హాజెవింకెల్ అను శాస్త్రజ్ఞుడు గ్రేట్ డేన్ పిల్లలపై జరిపిన పరిశోధనలలో, అధిక కాల్షియము ఎముకలను వికృతము చేయునని వెల్లడియైనది. సంచిలోని పప్పీ ఆహారమునకు తోడు కాల్షియము టానిక్కును కూడ పోయువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

ఇంటి వంటనే నమ్ముకొన్నవారికి కొదువ వేఱువిధముగా నుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారము నూఱు గ్రాముల బియ్యములో కాల్షియము 10 మిల్లీగ్రాములే, మాంసకృత్తులు 6.8 గ్రాములే. మాంసములోనో భాస్వరము విశేషము, కాల్షియము అత్యల్పము. కేవలము మాంసముతో పెంచిన పిల్లల కాళ్లు వంకరపోవుటకు ఇదియే కారణము. నూఱు గ్రాముల చోళ్లలో కాల్షియము 344 మిల్లీగ్రాములు గలదు. అందులో కొంత భాగము మాత్రమే జీర్ణమైనను, చోడి అంబలి వట్టి గంజికంటె మేలే. అయినను అన్నమును అంబలియును రెండును పిండిపదార్థములే గనుక, వానికి గ్రుడ్డు, ముల్లు తీసిన చేప, ఎముకలేని కోడిమాంసము వంటివి నిత్యమును తోడు కావలెను. పూర్తిగా ఇంటి తిండితోనే పెంచదలచువారు పాళ్లను పశువైద్యుని చేత నిర్ణయింపజేసికొనుట ఉచితము.

మార్పు ఒక్కదినమున జరుగరాదు. కుక్క జీర్ణకోశము నూతనాహారమునకు అలవడుటకు వారము నుండి పది దినములు పట్టును. మొదటి రెండుమూడు దినములు క్రొత్త ఆహారమును నాలుగవవంతు కలిపి, తరువాతి రెండుమూడు దినములు సగముసగముగను, ఆపైన మూడువంతులుగను పెంచి, తుదకు పూర్తిగా మార్చవలెను. విరేచనము పలుచనైనచో ఆ నిష్పత్తి వద్దనే ఆగి, నెమ్మదించిన తరువాత ముందునకు సాగవలెను. పిల్లగా దినమునకు మూడు నాలుగు మారులు తినినది ఇకమీదట రెండు మారులు తినిన చాలును. సంచిపై సూచించిన కొలత ఆరంభమునకు మాత్రమే. చేతితో తాకినపుడు ప్రక్కటెముకలు తేలికగా తగులుచు, పైనుండి చూచినపుడు నడుము సన్నగా కనబడుచున్నచో ఆ కొలత సరియైనదని తెలిసికొనవలెను.

మూత్రపిండవ్యాధి ఇంటింటి వ్యథగా మాఱిన ఉద్దానములో, మాంసకృత్తులు ఎక్కువైనచో కుక్క మూత్రపిండములు చెడునేమోయను శంక సహజము. ఆరోగ్యముగా నున్న కుక్కకు ఆ భయము లేదు. వ్యాధి సోకినదానికి మాత్రము మాంసకృత్తులను, భాస్వరమును వైద్యుని సలహా మేరకు తగ్గింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా తొట్టిలో మంచినీరు ఎల్లవేళల నిండియుండవలెను. ఉప్పుపట్టిన ఎండుచేపలు, ఉల్లి, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు ఏ వయస్సునను పెట్టరాదు. జీడిగింజ పెంకులోని నూనె చర్మమును, నోటిని బొబ్బలెక్కించును గనుక, ఆరబెట్టిన గింజల దరికి పిల్లను రానీయరాదు.

మాటలాడనేరని ఆ ప్రాణి మనము పెట్టినదే తిని, మన గుమ్మమునే కాచును. కావున పిల్ల ఏడాదికి చేరువగుచుండగనే సమీప పశువైద్యశాలకు తీసికొనిపోయి, బరువు తూయించి, మార్పునకు సమయమైనదో లేదో అడిగి తెలిసికొని, పది దినముల ఓర్పుతో ఆ మార్పును నెరవేర్పుడని కుక్కలను పెంచు ప్రతి కుటుంబమునకును మా విన్నపము.