స్టిక్ వదిలేసినా విమానం పక్కకు వాలుతోందా? కొత్తది కొనే ముందు ఇది చూడండి

పోయిన ఎపిసోడ్ విని కువైట్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. డ్యూటీ అయ్యాక రూములో ల్యాప్‌టాప్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడతాడట. "అన్నా, చెయ్యి తీసేసినా విమానం ఎడమకే వాలుతోంది. స్టిక్ ఖరాబైనట్టేనా? ఈ నెల ఇంటికి తక్కువ పంపి కొత్తది తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఇంటికి పంపే పైసలు ఆపకండి. ముందు స్టిక్ లోపల ఏముందో చూద్దాం.

నేనుండేది డబ్లిన్. ఐర్లాండ్‌లోది కాదు, అమెరికాలో కాలిఫోర్నియాలోది. ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. అంతకుముందు షార్జాలో క్యాంపు బతుకే. చదివింది ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడ్. విమానాల సంగతి నాకు అంతంతే గానీ, స్టిక్ లోపలి సంగతి చేతికి తెలిసిందే.

మన ఇళ్ళల్లో పాత రేడియో గుర్తుందా? కొన్నేళ్ళకి వాల్యూమ్ బటన్ తిప్పితే గరగరమనేది. ఒకచోట సౌండు ఒక్కసారిగా పెరిగేది, ఇంకోచోట మాయమయ్యేది. లోపల నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే చిన్న లోహపు ముక్క ఉంటాయి. దాని పేరు పొటెన్షియోమీటర్. పట్టీ మీద దుమ్ము చేరినా, పట్టీ అరిగినా ఆ గరగర వస్తుంది. తక్కువ ధర స్టిక్కుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. రేడియోలో చెవికి వినిపించిన గరగరే ఇక్కడ విమానం వణకడంగా కంటికి కనిపిస్తుంది. గల్ఫ్ దుమ్ములో ఇది తొందరగా వస్తే ఆశ్చర్యం లేదు.

కాబట్టి మొదట పరీక్ష. విండోస్‌లో స్టార్ట్ నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని కొట్టండి. గేమ్ కంట్రోలర్ల పెట్టె తెరుచుకుంటుంది. ప్రాపర్టీస్‌లోకి వెళితే చదరంలో ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుంది. స్టిక్ వదిలేయండి. ప్లస్ గుర్తు మధ్యకు రాకుండా ఒకేచోట పక్కకు నిలబడితే అది కాలిబ్రేషన్ తేడా కావచ్చు, అక్కడే సరిచేసుకోవచ్చు. (కంపెనీ సొంత కాలిబ్రేషన్ ప్రోగ్రాం ఇచ్చి ఉంటే అదే వాడాలి.) గుర్తు నిలవకుండా గెంతుతుంటే దుమ్మో, అరుగుదలో. ఇంకో మాట: హబ్‌లో గుచ్చి ఉంటే తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టి చూడండి. కరెంటు చాలకపోయినా ఇలాంటి వేషాలు వేస్తుంది.

శుభ్రం చేయడం దగ్గర నేను చేసిన తప్పు ముందే చెప్తాను. నా మొదటి స్టిక్‌కి ఇలాగే అయితే, సైట్‌లో నట్లకు కొట్టే తుప్పు వదిలించే స్ప్రే ఉంది కదా అని అదే కొట్టాను. రెండు రోజులు బాగుంది. తర్వాత ఆ నూనెకి దుమ్మంతా అంటుకుని ముందుకంటే అధ్వానమైంది. ఇరవై ఏళ్ళు ప్యానెల్ బోర్డుల దగ్గర పనిచేసినవాడికి ఆ బుద్ధి ఉండొద్దా! కావాల్సింది ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, అదీ ప్లాస్టిక్‌ను తినదని డబ్బా మీద రాసి ఉన్నది. మీ సైట్ ఎలక్ట్రీషియన్‌ని అడిగితే ఏ షాపులో దొరుకుతుందో చెప్తాడు.

వైరు పీకేయండి. అడుగున రబ్బరు కాళ్ళ కింద కూడా స్క్రూలు దాక్కుని ఉంటాయి, చూసుకోండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి, స్ప్రింగ్ ఎగిరిపోతే ఎక్కడిదో తెలియాలి. వారంటీ ఉంటే మాత్రం విప్పొద్దు, కంపెనీకే రాయండి. పొటెన్షియోమీటర్ కాళ్ళ దగ్గరున్న సందులో కొంచెం కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. బాగా ఆరాకే కరెంటు. మల్టీమీటర్ ఉంటే మధ్య కాలు, ఒక చివరి కాలు పట్టుకుని మెల్లగా తిప్పండి: ఓమ్‌లు సాఫీగా పెరగాలి. మధ్యలో గెంతితే పట్టీ అరిగిందని అర్థం. అదే విలువ, అదే సైజు ముక్క వేరే కొని టంకం వేసుకోవచ్చు. టంకం రాకపోతే గేమ్ సెట్టింగుల్లో డెడ్ జోన్ కొద్దిగా పెంచండి. మధ్యలో చిన్న కదలికల్ని గేమ్ లెక్కచేయదు. చెయ్యి కాస్త మొద్దుగా అనిపిస్తుంది, అంతే.

ఇంత చేసినా కాకపోతే అప్పుడు కొందాం. షాపులో బటన్లు లెక్కపెట్టకండి, సెన్సర్ ఏదని అడగండి. హాల్ సెన్సర్ అయితే లోపల అయస్కాంతం కదులుతుంది, సెన్సర్ దాన్ని తాకకుండానే కనిపెడుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సంగతే ఇది. రాపిడి లేదు కాబట్టి అరిగే పట్టీ లేదు. సైట్‌లో కొత్త ఎక్స్‌కవేటర్ల జాయ్‌స్టిక్కుల్లో చాలావాటిలోనూ ఇదే వాడతారు, రోజంతా దుమ్ములో ఆపరేటర్ తిప్పినా తట్టుకుంటుంది కనుక. థ్రస్ట్‌మాస్టర్ టీ 16000ఎం స్టిక్‌లో ముందువెనకలకు, పక్కలకు హాల్ సెన్సర్లే ఉంటాయి. కానీ అదే స్టిక్‌ను మెలితిప్పే రడ్డర్‌కు మాత్రం పాత పొటెన్షియోమీటరే, వణుకు వచ్చేదీ ఎక్కువగా అక్కడే. డబ్బా మీద "హాల్" అని చూసి మురిసిపోకుండా, ఏ కదలికకు అని అడగాలి. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇంకో లాభం, దీని పిడి భాగాలు మార్చి ఎడమకు బిగించుకోవచ్చు. వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీలో మెలితిప్పే చోట కూడా తాకని సెన్సరే, ధర మాత్రం ఎక్కువ. ఏ 10 యుద్ధవిమానం పిడి నమూనాలో చేసిన వార్థాగ్ లాంటివి చూడముచ్చటే గానీ, క్యాంపు రూములో అంత ఇనుము పెట్టేచోటేది?

థ్రాటిల్ విడిగా వెంటనే కొనక్కర్లేదు. స్టిక్ అడుగున ఉండే చిన్న లివర్‌తో ఏడాది గడిచిపోతుంది. కొంటే, లివర్ బిగువు సరిచేసే స్క్రూ ఉందేమో చూడండి. బిగువు లేని థ్రాటిల్ ల్యాండింగ్‌లో చెయ్యి తగిలితే చాలు, జారిపోతుంది. లివర్ పట్టుకుపట్టుకు కదులుతుంటే పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే గ్రీజు పల్చగా రాయాలి. మెషిన్లకు కొట్టే గ్రీజు గన్ దగ్గరికి పోకండి, కొన్ని ప్లాస్టిక్కులు దానికి పగులుతాయి.

సెకండ్‌హ్యాండ్ అయితే అమ్మేవాడి ల్యాప్‌టాప్ మీదే పైన చెప్పిన ప్లస్ గుర్తు పరీక్ష చేయించండి. నేనిప్పుడు వాడేది అలా కొన్నదే. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వాళ్ళు డబ్బా మీద తమ పేరుందో లేదో చూసుకోవాలి, అన్నీ అన్నిటికీ పనిచేయవు. ఊరికి తీసుకెళ్ళాలన్నా ఇబ్బంది లేదు. యూఎస్‌బీ అయిదు వోల్టులు ఎక్కడైనా అయిదే, 110, 230 గొడవ లేదు.

ఆడనప్పుడు పాత లుంగీ ముక్క కప్పండి. నేను స్టిక్‌ను ప్లైవుడ్ ముక్కకు బిగించి ఒళ్ళో పెట్టుకుంటాను, మంచం మీద కూర్చుని ఆడేవాళ్ళకు అది హాయి.

గేమ్ కొనడానికి పైసలు లేకుంటే ఫ్లైట్‌గేర్ ఉచితం. నేను మా పక్కనున్న లివర్‌మోర్ ఎయిర్‌పోర్టు నుంచి లేచి, కింద 580 హైవే పట్టుకుని డబ్లిన్ మీదకు వస్తాను. కుడివైపు డయాబ్లో కొండ. అది విసుగొచ్చిన రోజు వీఓహెచ్ఎస్ అని కొడతాను. అది శంషాబాద్.

కువైట్ తమ్ముడు నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు. క్లీనర్ కొట్టాడట. ఎడమకు వాలడం పోయింది, మెలితిప్పే దగ్గర ఇంకా కొంచెం వణుకుతోందట. డెడ్ జోన్ కొద్దికొద్దిగా పెంచి చూడమన్నాను. మూడేళ్ళయిందట ఇంటికి పోయి. శంషాబాద్‌లో దిగడం ప్రాక్టీసు చేస్తున్నాడు.