ఇంటి కంప్యూటర్‌ అందకుంటే నేరం రౌటర్‌దేనా?

ఇంట్లోని కంప్యూటర్‌ను మరో ఊరి నుంచి నడపడానికి తోడ్పడే రిమోట్‌ డెస్క్‌టాప్‌ సదుపాయం, 2020 మార్చి నాటి లాక్‌డౌన్‌ తర్వాత ఉద్యోగులకే గాక, జమాఖర్చులను కంప్యూటర్‌లో ఉంచుకొన్న చిన్న వ్యాపారులకూ అవసరమైంది. ఈ అనుసంధానం కుదరనప్పుడు నింద ముందుగా ఇంటి రౌటర్‌పై పడుతోంది. అయితే రౌటర్‌ మార్చినా ఫలితం ఉండని సందర్భాలు మన దేశంలో అనేకం. ఇంటర్నెట్‌ చిరునామాల కొరతే ఇందుకు కారణం.

మొదటి పరీక్ష ఇంట్లోనే జరగాలి. అదే రౌటర్‌కు కలిపిన మరో కంప్యూటర్‌ నుంచి ప్రయత్నించినా కుదరకపోతే, లోపం చాలావరకు కంప్యూటర్‌లోనే ఉంటుంది. విండోస్‌ హోమ్‌ రకం ఇటువంటి పిలుపులను స్వీకరించదు. ప్రో రకం కావలసి ఉంటుంది. ఇంట్లో కుదిరి బయటి నుంచి కుదరకపోతే, 3389 నంబరు పోర్ట్‌కు వచ్చే పిలుపును ఆ కంప్యూటర్‌కు మళ్లించే ఏర్పాటు రౌటర్‌లో ఉన్నదీ లేనిదీ చూడాలి.

అదీ సవ్యంగా ఉంటే, రౌటర్‌ తనకు లభించినట్లు చూపే చిరునామాను బయటి వెబ్‌సైట్లకు కనిపించే చిరునామాతో పోల్చాలి. రెండూ వేర్వేరైతే, ముఖ్యంగా రౌటర్‌ చూపేది 100.64 నుంచి 100.127 వరకు గల అంకెలతో మొదలైతే, సర్వీసు సంస్థ ఒకే చిరునామాను పలువురు చందాదారులకు పంచిందని అర్థం. అపార్ట్‌మెంట్‌ మొత్తానికి ఒకే డోర్‌ నంబరు ఉండి, ఫ్లాట్‌ నంబరు లేని ఉత్తరం వస్తే పోస్ట్‌మాన్‌ ఏం చేయగలడు? బయటి పిలుపు కూడా అదే విధంగా సర్వీసు సంస్థ వద్దనే ఆగిపోతుంది.

పాత పద్ధతియైన ఐపివి4లో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ఆసియా, పసిఫిక్‌ దేశాలకు వాటిని కేటాయించే ఏప్నిక్‌ సంస్థ 2011 ఏప్రిల్‌ 15న చివరి నిల్వకు చేరుకొని రేషన్‌ విధించింది. భారత్‌లో ఇంటర్నెట్‌ ఇంటింటికీ విస్తరించింది ఆ తర్వాతనే కావడం గమనార్హం.

కొన్ని సంస్థలు అదనపు రుసుముపై ప్రత్యేక చిరునామా ఇస్తున్నాయి. కొత్త పద్ధతియైన ఐపివి6లో కొరత లేదు. దాని వినియోగంలో భారత్‌ ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. అయితే రెండు వైపులా ఆ సదుపాయం ఉండాలి, రౌటర్‌ ఫైర్‌వాల్‌ కూడా అనుమతించాలి.

కాగా, పోర్ట్‌ను బాహాటంగా తెరిచి ఉంచడం ప్రమాదకరం. రిమోట్‌ డెస్క్‌టాప్‌లో బయటపడిన ‘బ్లూకీప్‌’ లోపానికి 2019 మే 14న మైక్రోసాఫ్ట్‌ సవరణ విడుదల చేసింది. మద్దతు ముగిసిన విండోస్‌ ఎక్స్‌పికి సైతం దానిని అందించిందంటే తీవ్రత అర్థమవుతుంది. పాస్‌వర్డ్‌ ఊహించి చొరబడేవారు ఫైళ్లకు తాళం వేసి సొమ్ము డిమాండ్‌ చేసే ముప్పు కూడా లేకపోలేదు. ఇంటి కంప్యూటరే ముందుగా బయటికి పిలుపు పంపి అనుసంధానం నెలకొల్పే విపిఎన్‌ సేవలు ఇంతకంటే క్షేమం. పంచుకొన్న చిరునామాపైనా అవి పనిచేస్తాయి.

కనుక కొత్త రౌటర్‌కు డబ్బు వెచ్చించే ముందు సర్వీసు సంస్థను ఒక్క ప్రశ్న అడగడం మేలు: మా కనెక్షన్‌కు ఇచ్చిన చిరునామా సొంతమా, పంచుకొన్నదా?