మురుగు గుంటలలోని విషవాయువు - ప్రాణరక్షణ పద్ధతులు



మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో కోళ్ళ పరిశ్రమలు, పాల డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు అనేకము కలవు. పొలము పని లేని రోజులలో మన పల్లెల నుండి ఎందరో వీనిలో కూలికి పోవుచుందురు. పొలమున పామును, కరెంటు తీగను చూచి జాగ్రత్తపడుట మనకు అలవాటే. కాని కంటికి కానరాని శత్రువు ఒకటి ఫ్యాక్టరీల మురుగు తొట్లలోను, మన పెరటి గోబరు గ్యాసు గుంటలలోను పొంచియుండును. దానిని గూర్చి ప్రతి రైతు, ప్రతి గ్రామాధికారి తెలిసికొనుట అవసరము.

మొరం ప్రమాదము

2018వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన పలమనేరు మండలము మొరం గ్రామములోని వేంకటేశ్వర హేచరీస్‌లో మురుగు తొట్టిని శుభ్రము చేయుచు ఏడుగురు కార్మికులు ఊపిరాడక మరణించిరి. ముందు దిగినవారు స్పృహతప్పి పడిపోగా, వారిని రక్షింపవలెనని మరికొందరు దిగిరి. ఇట్టి ప్రమాదములు అన్ని దేశములలోను ఈ విధముగానే జరుగుచున్నవి. మూసియున్న చోట్లలో మరణించినవారిలో నూటికి 60 మందికి పైగా రక్షించబోయినవారేనని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ 1986లో తెలియజేసినది.

వాయువు పుట్టు విధము

పేడ, రెట్ట, మురుగునీరు గాలి తగలకుండ కుళ్ళినపుడు హైడ్రోజన్ సల్ఫైడు, బొగ్గుపులుసు వాయువు, మీథేను పుట్టును. మొదటి రెండును గాలికన్న బరువైనవి. కనుక గుంట అడుగుననే నిలిచియుండును. హైడ్రోజన్ సల్ఫైడు మడ్డిలో దాగియుండి, పారతో కలియబెట్టగానే ఒక్కసారిగా వెలువడును. పైనుండి చూచిన వానికి ఏమియు తోచదు. నిరుడు దిగి సుఖముగా వచ్చితిమి గదా యను ధైర్యము పనికిరాదు.

ఈ వాయువు కొలదిగా నున్నపుడు కుళ్ళిన గ్రుడ్ల వాసన వేయును. పదివేల పాళ్ళ గాలిలో ఒక పాలు చేరుసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. వాసన పోయినదని సంతోషించు క్షణమే గొప్ప అపాయపు క్షణము. వెయ్యి పాళ్ళలో ఒక పాలైనచో మనిషి రెండు మూడు ఊపిరులకే కుప్పకూలును.

అమ్మోనియా దీనివలె దాగియుండదు; ఘాటు చేతనే తెలియును. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలములోని ఒక పాల డెయిరీలో అది వెలువడగా పలువురు మహిళా కార్మికులు ఆసుపత్రి పాలైరి. ఘాటు తగిలిన వెంటనే గాలి వీచు దిక్కునకు ఎదురుగా లేక అడ్డముగా పోయి, ఆ చోటు విడువవలెను.

లాంతరు పరీక్ష చాలదు

పాతబావిలో దిగుటకు ముందు లాంతరు దించి చూచుట పెద్దల ఆచారము. ప్రాణవాయువు బాగుగా తగ్గినచో దీపము ఆరును, నిజమే. కాని మనిషిని చంపునంత హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నను దీపము వెలుగుచునే యుండును. గోబరు గ్యాసు గుంటలో దీపము దించినచో మీథేను ప్రేలును. ముక్కునకు తడిగుడ్డ కట్టుట వలన కూడ రక్షణ లేదు. బావి లోపల ఆయిలింజను నడిపినచో వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు. కావున ఇంజను ఎల్లప్పుడును గట్టుమీదనే ఉండవలెను.

చేయవలసిన పనులు

1. సాధ్యమైనంత వరకు మనిషిని దించక, పంపుతోనో, పీల్చు యంత్రమున్న బండితోనో మడ్డిని బయటినుండియే తీయించవలెను.

2. తప్పనిసరియైనచో మూతలన్నియు తెరచి, బ్లోయరు గొట్టమును అడుగువరకు దించి గాలి కొట్టవలెను. పని ముగియువరకు దానిని ఆపరాదు.

3. గ్యాసు కొలుచు సాధనముతో పైన, నడుమ, అడుగున పరీక్షించవలెను. ప్రాణవాయువు నూటికి 19.5 పాళ్ళకు తగ్గినచో దిగరాదు. విషవాయువు ఉన్నట్లు తేలినను దిగరాదు.

4. దిగువానికి నడుమునకు, భుజములకు పట్టీ వేసి మోకు కట్టవలెను. కొస పట్టుకొని ఇద్దరు పైన కదలక నిలువవలెను. మోకును దిగుటకు ముందే కట్టవలెను. పడిన పిదప కట్టుటకు మార్గము లేదు.

5. లోనివాడు పడిపోయినచో ఎంతటి ఆప్తుడైనను వెంట దిగరాదు. మోకుతో పైకి లాగవలెను. గాలి కొట్టుచు 101కి, 108కి ఫోను చేయవలెను.

యజమానులు, గ్రామాధికారులు

మొరం ప్రమాదము నాడు అమలులోనున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 36వ సెక్షను ప్రకారము, పరీక్షించిన సమర్థుడు వ్రాతపూర్వకముగా ధ్రువపత్రము ఈయనిచో, శ్వాసయంత్రము, మోకుకట్టిన పట్టీ లేకుండ ఎవ్వరును అట్టి తొట్టిలోనికి పోరాదు. ధ్రువపత్రము వ్రాయుట ఒక గడియ పని. అది కుటుంబములను నిలుపును.

ప్రమాదము జరుగని సంవత్సరము భద్రతకు రుజువు కాదు. బ్లోయరు ఉన్నదా, మోకు గట్టిగా నున్నదా, త్రుటిలో తప్పిన అపాయములను పుస్తకములో వ్రాయుచున్నారా - వీనిని బట్టియే పరిశ్రమ భద్రతను కొలువవలెను. గ్రామములో గుంట శుభ్రము చేయు పని ఎవ్వరు ఒప్పుకొన్నను, అధికారులు మూడు ప్రశ్నలు వేయవలెను: గాలి ఎవరు పరీక్షించిరి? మోకు ఎవరు పట్టుకొందురు? అపాయము వచ్చినచో పైనుండి ఎట్లు లాగుదురు? మూడింటికి సమాధానము దొరకువరకు మనిషిని దింపనీయరాదు.

కూలికి పోవు సోదరులు కూడ ఈ ప్రశ్నలు అడుగుటకు సంకోచింపరాదు. ఆనాటి కూలి పోయినను మరునాడు సంపాదించుకొనవచ్చును.