స్పీకర్ పెట్టెకు టేకు: పైన ఎందుకు, లోపల ఎందుకు వద్దు?

పాత స్పీకర్ల పెట్టెలు అడుగున ఉబ్బి ఊడిపోతున్నాయి. లోపలి స్పీకర్లు మాత్రం బాగానే పలుకుతున్నాయి. ఇంట్లో పాత టేకు పలకలున్నాయి. వాటితో కొత్త పెట్టెలు చేసుకోవచ్చా?

ముందుగా స్పీకర్ అంచు చుట్టూ ఉండే స్పాంజి వలయాన్ని వేలితో మెల్లగా తాకి చూడండి. పొడిగా రాలుతుంటే ఆ వలయం మార్పించాకే మిగతా పని. గట్టిగా ఉంటే పెట్టెల సంగతి చూద్దాం.

పాత పెట్టెలు బహుశా పార్టికల్ బోర్డువి. చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసే పలక అది. నేల తుడిచే తడిగుడ్డ పదేపదే తగిలితే నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ అణగదు. కొత్త పెట్టె కట్టడం తప్పదు. దాని కింద అంగుళం ఎత్తు రబ్బరు కాళ్లు బిగించండి.

ఇక టేకు. అంత మంచి చెక్కను వద్దనడం నాకూ కష్టంగానే ఉంది కానీ, పెట్టె గోడలకు వద్దు. ఎందుకో చెప్పాలంటే అసలు పెట్టె దేనికో చెప్పాలి.

స్పీకర్‌ను విప్పి బల్ల మీద పెట్టి పాట పెట్టండి. గొంతు వినిపిస్తుంది, డోలు దరువు దాదాపు వినిపించదు. కాగితపు శంకువు ముందుకు కదిలి గాలిని తోసిన క్షణంలోనే వెనక గాలి పలచబడుతుంది. తక్కువ స్థాయి స్వరాల్లో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వాటిని విడదీసే గోడే పెట్టె. ఆ గోడలో వెంట్రుకవాసి సందు ఉన్నా బేస్ పలచబడుతుంది, గట్టిగా పెడితే బుసకొట్టే చప్పుడూ వస్తుంది.

పలక చెక్క వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. టేకు మిగతా చెక్కల కంటే తక్కువే కదులుతుంది కానీ కదలకుండా ఉండదు. బీరువాకు అతుకు కొంచెం విచ్చుకుంటే నష్టం లేదు. ఇక్కడ ఉంది.

రెండో కారణం నాదం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి శిల్పులు పనస చెక్కతో వీణ చేస్తారు. తీగ మీటితే ఆ చెక్కా పలకాలి. స్పీకర్ పెట్టె మాత్రం నోరు మెదపకూడదు. వీణ నాదం రికార్డులోనే ఉంది, దానికి పెట్టె తన గొంతు కలిపితే మనం వినేది ఆ వీణ కాదు.

మరి దేనితో కట్టాలి?

18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కను మెత్తగా చేసి జిగురుతో నొక్కిన పలక), లేదా లోపల ఖాళీలు లేని మంచి ప్లైవుడ్. ఎండీఎఫ్‌కు నార ఉండదు కాబట్టి సులువుగా మెలి తిరగదు. కోసేటప్పుడు లేచే సన్నని పొడిలో జిగురు రసాయనాలుంటాయి, మాస్కు తప్పనిసరి. ఎదురెదురు గోడల మధ్య ఒక అడ్డుపట్టీ అతికిస్తే గోడ ఊగడం బాగా తగ్గుతుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి. మోత రాకుండా పొడిగా ‘టక్’ మంటే చాలు.

అందరూ మందపాటి గోడల దారే పట్టలేదు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు ఎల్ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్‌కు 12 మి.మీ. బర్చ్ ప్లై గోడలు పెట్టి, లోపల తారు పలకలు అతికించి కంపనాన్ని అణిచారు. దానికి చాలా కొలతలు కావాలి. ఇంట్లో చేసుకునేవారికి మందపు గోడ, అడ్డుపట్టీ సులువు.

ఎక్కువమంది పొరబడేది లోపలి కొలతలో. 1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడే స్పీకర్‌ను తెచ్చారు. ఎంత గాలి ఉందన్నదాన్ని బట్టి ఆ స్ప్రింగు బిగువు మారుతుంది. పాత పెట్టె గోడ 12 మి.మీ., లోపల 40, 22, 25 సెం.మీ. అనుకుందాం. అంటే 22 లీటర్లు. బయటి కొలత అలాగే ఉంచి 18 మి.మీ. పలక వాడితే లోపల మిగిలేది 19.2 లీటర్లే. దాదాపు ఎనిమిదో వంతు పోయింది! లోపలి కొలత పాతదే ఉంచి, బయట పెంచండి. ముందు గొట్టం ఉన్న పెట్టె అయితే దాని పొడవు, వెడల్పు మార్చకండి.

టేకు అందం ఎలా వస్తుంది?

వెనీర్‌తో. దాదాపు అర మిల్లీమీటరు మందమే ఉండే అసలు టేకు పొర అది. ధ్వనికి మేలూ లేదు, కీడూ లేదు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది 4 మి.మీ. ప్లై మీద ముందే అతికించినది. మీరు విడి ఆకులు అడగండి, ఒకే కట్టలో వరసగా ఉన్నవి తీసుకుంటే రెండు పెట్టెల గీతలూ జోడీగా వస్తాయి. ఒక పక్క కింది నుంచి పైకి, పై పలక మీదుగా రెండో పక్కకు ఒకే ఆకు సాగితే ఆ గీతలు పారుతున్నట్టుంటాయి. అది చూడాల్సిందే.

సన్‌మైకాకు వాడే రబ్బరు జిగురు వాడమంటారు కొందరు. నేను ఒప్పుకోను. అది మెత్తగానే ఉండి వెనీర్‌ను కదలనిస్తుంది, పాలిష్‌లోని థిన్నర్ దిగితే బుడగలు లేస్తాయి. తెల్ల ఫెవికాల్ పెట్టెకూ ఆకుకూ పల్చగా రాసి, తెలుపు పోయి చేతికి అంటనంత వరకు ఆరనివ్వండి. ఆకు చుట్టుకుపోతుంటే రెండో వైపు కాస్త తడి అద్దండి. తర్వాత పరిచి, మీద పల్చని గుడ్డ వేసి, ఆవిరి లేని ఇస్త్రీ పెట్టెను మధ్య నుంచి అంచులకు నడపండి. వేడికి ఆరిన జిగురు మళ్లీ మెత్తబడి పట్టుకుంటుంది. వెనకే చెక్కముక్కతో నొక్కుతూ చల్లారనివ్వాలి. గోటితో తట్టితే డొల్ల చప్పుడు వచ్చిన చోట మళ్లీ ఇస్త్రీ. అప్పటికీ బుడగ ఉంటే నార వెంబడే బ్లేడుతో చీరి, జిగురు చొప్పించి నొక్కండి.

ముందు వెనక భాగం, అడుగు, తర్వాత పక్కలు, పైభాగం, చివర ముఖం. అంచుకు సెంటీమీటరు మిగిల్చి కొత్త బ్లేడుతో కోయండి. గరుకు కాగితాన్ని ఆకు మీది నుంచి లోపలి చెక్క వైపే తోయాలి, ఎదురు లాగితే చీలుతుంది. రుద్దడానికి మిషన్ వద్దు, క్షణంలో పొర దాటి ఎండీఎఫ్ బయటపడుతుంది. 240, తర్వాత 320 నంబరు, చేత్తో, నార వెంబడి. పాలిష్‌కు నేనైతే లక్కే ఎంచుకుంటాను. గీత పడినా అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు.

స్పీకర్లు బిగించేటప్పుడు కింద పల్చని స్పాంజి టేపు వేయండి. మూసిన పెట్టె అయితే శంకువును రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కి వస్తే గాలి పోవడం లేదన్నమాట. తీగలు కలిపే ముందు 1.5 వోల్టుల సెల్‌ను స్పీకర్ కొసలకు క్షణం తాకించండి. సెల్ ప్లస్ ఎర్ర గుర్తు కొసకు తగిలినప్పుడు రెండు పెట్టెల శంకువులూ ఒకే దిక్కుకు కదలాలి. ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి వెళితే ఒకదాని తీగలు తారుమారు చేయండి.